యజమాని లేని కొలువు

సర్ వాల్టర్ స్కాట్ 1819వ సంవత్సరాంతమున ప్రకటించిన ‘ఐవన్‌హో’ నవలలో ఒక మాట కలదు. ఏ రాజునకును శాశ్వతముగా కట్టుబడక, సొమ్ము చెల్లించిన వారి పక్షమున యుద్ధము చేయు కూలిసైనికులను ఆయన ‘ఫ్రీ లాన్సు’లని పేర్కొనెను. లాన్సు అనగా బల్లెము. కాలక్రమమున ఆ మాట యుద్ధభూమిని విడిచి పత్రికా కార్యాలయములలో అడుగిడెను. ఏ పత్రికలోను ఉద్యోగి కాక, వ్యాసమునకు ఇంత యని పుచ్చుకొని వ్రాయు రచయిత ఫ్రీలాన్సరు ఆయెను. నేడు ఆ పేరు చిత్రకారునకు, అనువాదకునకు, లెక్కలు వ్రాయువానికి, కంప్యూటరు ప్రోగ్రాములు కూర్చువానికి, దూరమునుండి పాఠము చెప్పు ఉపాధ్యాయినికి సైతము చెల్లుచున్నది.

కూలిసైనికుని బ్రదుకునకు రెండు ముఖములుండెను. మెచ్చని కొలువును విడిచి మెచ్చిన కొలువునకు పోవు స్వేచ్ఛ మొదటిది. రెండవది అతని గాయము. యుద్ధమున దెబ్బ తగిలినచో దానికి బాధ్యుడు ఏ ప్రభువును కాడు. ఆ గాయము అతని స్వంత ఆస్తి. నేటి స్వతంత్ర వృత్తిజీవిని గూర్చి జరుగుచున్న చర్చలో మొదటి ముఖమును వర్ణించువారు పెక్కుమంది. రెండవదానిని పరికించువారు అరుదు. లోకము యొక్క ఆర్థికవ్యవస్థను ఈ వృత్తిజీవులు ఎట్లు మార్చుచున్నారో తెలియవలెనన్న రెంటిని కలిపి చూడక తప్పదు.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. ఫ్రీలాన్సరనగా నియతమైన యజమాని లేనివాడు. అతడు తన ఊరు కదలకుండనే జీవితమంతయు పనిచేయవచ్చును. డిజిటల్ నోమాడ్, అనగా డిజిటల్ సంచారి, నియతమైన చోటు లేనివాడు. అతనికి నెలజీతమిచ్చు యజమాని ఉండవచ్చును, ఉండకపోవచ్చును; ఒక నెల లిస్బను నుండి, మరియొక నెల బ్యాంకాకు నుండి పనిచేయును. ఒకడు యజమానిని విడిచినాడు, మరియొకడు ఇంటిని విడిచినాడు. రెంటిని విడిచినవారును కలరు.

ఆలోచన నుండి ఆచరణకు

ఉద్యోగి కార్యాలయమునకు పోవుటకు బదులు పనియే ఉద్యోగి యింటికి వచ్చిన బాగుండునను ఆలోచన నిన్నటిది కాదు. అమెరికా దేశీయుడగు జాక్ నైల్స్ 1973లో ‘టెలీకమ్యూటింగ్’ అను పదమును సృష్టించెను. నగరములలో వాహనముల రద్దీని తగ్గించుటకు రోడ్లను పెంచుట కంటె రాకపోకలనే తగ్గించుట మేలని ఆయన వాదము. 1997లో జపాను ఇంజనీరు త్సుగియో మాకిమోటో, ఆంగ్ల పాత్రికేయుడు డేవిడ్ మానర్స్ కలిసి ‘డిజిటల్ నోమాడ్’ అను గ్రంథమునే ప్రకటించిరి. చేతిలో ఇముడు యంత్రములు, వేగముగల వార్తాసాధనములు వచ్చిన పిదప మానవుడు తిరిగి సంచారజీవి కాగలడని వారు ఊహించిరి. మరుసటి సంవత్సరమే తామస్ మలోన్, రాబర్ట్ లాబాకర్ అను పండితులు పెద్ద సంస్థల స్థానమున స్వతంత్రులు తాత్కాలికముగా కూడి పనిచేసి విడిపోవు వ్యవస్థ రానున్నదని ఒక వ్యాసమున వివరించిరి.

ఊహలకు వెనువెంటనే అంగళ్లు వెలసినవి. ఈలాన్సు, ఓడెస్కు అను రెండు సంస్థలు పని కోరువారిని, పని యిచ్చువారిని ఇంటర్నెట్టు ద్వారా కలిపెను. అవి ఏకమై 2015లో ‘అప్‌వర్కు’ అను పేరు దాల్చినవి. ఆస్ట్రేలియాలో 2009లో ‘ఫ్రీలాన్సర్’, ఇజ్రాయేలులో 2010లో ‘ఫైవర్’ ప్రారంభమాయెను. పిమ్మట 2020లో కరోనా మహమ్మారి వచ్చి కార్యాలయముల తలుపులు మూసినది. నైల్స్ వాదమును అర్ధశతాబ్దిపాటు విన్నను వినని యజమానులు కొలది వారములలో దానిని ఆచరింపవలసి వచ్చెను.

ఇట్టివారు ఎందరు? ప్రపంచ బ్యాంకు 2023లో ప్రకటించిన నివేదిక ప్రకారము ఇంటర్నెట్టు వేదికలపై పనులు చేయువారు 15 కోట్ల 40 లక్షల నుండి 43 కోట్ల 50 లక్షల వరకు ఉందురు. రెండు సంఖ్యల నడుమ గల అగాధమే ఒక పాఠము. కర్మాగారమున హాజరుపట్టీ ఉన్నది. ఈ పనివారికి అట్టిది లేదు. ఒక్కడే నాలుగు వేదికలపై పేరు నమోదు చేసికొనవచ్చును. పేరు నమోదు చేసికొని ఒక్క పనియు దొరకనివాడును ఉండవచ్చును. సంచారుల విషయమున ఎంబీఓ పార్ట్‌నర్స్ అను అమెరికా సంస్థ లెక్క కొంత స్పష్టము. 2019లో 73 లక్షల మంది అమెరికనులు తమను డిజిటల్ సంచారులుగా చెప్పుకొనగా, 2024 నాటికి వారి సంఖ్య ఒక కోటి 81 లక్షలకు పెరిగినది.

ఓడ ఎక్కని సరకు

పూర్వము ఒక దేశపు శ్రమ మరియొక దేశమునకు చేరుటకు రెండు మార్గములే ఉండెను. శ్రమ వస్తురూపము దాల్చి ఓడనెక్కవలెను. లేదా శ్రామికుడే ఓడనెక్కవలెను. నేడు మూడవ మార్గము తెరచుకొన్నది. వరంగల్లులో కూర్చున్న యువతి న్యూయార్కు దుకాణమునకు చిహ్నము గీయగలదు. ఆమె సరకునకు రేవు లేదు, సుంకపు కచేరి లేదు. ఆంగ్లభాష తెలిసి, కంప్యూటరు విద్య నేర్చి, మన ధరలలో బ్రదుకు యువజనులు విస్తారముగా ఉండుటచే ఈ ఆన్‌లైన్ శ్రమవిపణిలో పనివారిని అందించుటయందు భారతదేశము అగ్రస్థానమున నున్నదని ఆక్స్‌ఫర్డు పరిశోధకుల లెక్కలు తెలుపుచున్నవి.

ఈ సరకునకు ధర ఎట్లేర్పడును? ఒక నగరమున పదిమంది చిత్రకారులున్నచో వారిలో వారికే పోటీ. వేదికపై హైదరాబాదు, మనీలా, లాగోస్, కీవ్ నగరముల వారందరును ఒకే వరుసలో నిలుతురు. న్యూయార్కు చిత్రకారునకు చాలీచాలని ప్రతిఫలము వరంగల్లు చిత్రకారిణికి ఊరిలో దొరకు జీతము కంటె మిన్న కావచ్చును. ఒకచోట ధర దిగుచుండగా మరియొకచోట ఆదాయము పెరుగుచున్నది. ధనిక దేశముల స్వతంత్రులకు ఇది ఫిర్యాదు, పేద దేశముల వారికి అవకాశము. ఇరువురి మాటయు సత్యమే.

అవకాశమునకు గల వెల కూడ లెక్కింపవలెను. 100 డాలర్ల పని ఫైవరులో పూర్తిచేసిన వ్యక్తికి చేరునది 80 డాలర్లు. తక్కిన 20 వేదిక వంతు. ఆ పిదప డాలర్లను రూపాయలుగా మార్చుటకు రుసుము. విద్యుత్తు, ఇంటర్నెట్టు, కంప్యూటరు ఖర్చులు స్వంతము. న్యూయార్కులో ఉదయము 9 గంటలైనప్పుడు ఋతువును బట్టి మన దేశమున సాయంకాలము 6.30 గాని 7.30 గాని యగును. ఖాతాదారుని పగలు పనివాని రాత్రి. వీటన్నిటికిని మించి, పని ముగియగనే ఖాతాదారు ఇచ్చు నక్షత్రముల లెక్కపై రేపటి కూడు ఆధారపడియున్నది. అయిదేండ్లు శ్రమించి సంపాదించిన ఆ పేరు ఆ వేదికపైననే చెల్లును. వేరొక వేదికకు పోయినచో మరల మొదటి మెట్టు. కొలువు మారునప్పుడు ఉద్యోగి అనుభవపత్రమును వెంట తీసికొనిపోవును. ఈ పనివాని కీర్తి మాత్రము అంగడివాని పెట్టెలోనే ఉండిపోవును.

పిలిచి పీట వేయు దేశములు

వలసను నిరోధించుటకు కంచెలు కట్టు దేశములే డిజిటల్ సంచారికి తివాచీ పరచుట ఈ కాలపు వింత. కరోనాచే పర్యాటకులు రాక ఆదాయము క్షీణించిన బార్బడోస్ ద్వీపము 2020 జూలైలో ఒక సంవత్సరపు అనుమతిపత్రమును ప్రకటించెను. వ్యక్తికి రుసుము 2,000 డాలర్లు. వార్షికాదాయము 50,000 డాలర్లు ఉండవలెను. మరుసటి నెలలో ఎస్తోనియా ప్రత్యేకమైన వీసాను సృష్టించెను. తదుపరి క్రొయేషియా, మలేషియా, పోర్చుగలు, స్పెయిను ఆ దారి పట్టినవి. పోర్చుగలు 2022లో ఏర్పరచిన నియమము ప్రకారము అభ్యర్థి ఆదాయము ఆ దేశపు కనీస వేతనమునకు నాలుగింతలు ఉండవలెను. థాయిలాండు 2024 జూలైలో అయిదేండ్లు చెల్లు వీసాను ప్రకటించి, ఒక్కొక్క రాకలో 180 దినములు నివసించుటకు అవకాశమిచ్చెను.

ఈ దేశముల తర్కము సులభముగనే బోధపడును. సంచారి స్థానికుని ఉద్యోగమును కోరడు. జీతము ఎక్కడినుండియో తెచ్చుకొనును. అద్దెకు, భోజనమునకు, రైలునకు ఇక్కడ వెచ్చించును. అతనిని బడిలో చదివించినది ఒక దేశము, అతని సంపాదనను అనుభవించునది మరియొక దేశము.

కాని ఈ ఆహ్వానము అందరికిని కాదు. జపాను 2024లో ఏర్పరచిన ఆరునెలల అనుమతికి ఏటికి ఒక కోటి యెన్‌ల ఆదాయము కావలెను. పైగా సందర్శనకు ముందుగా వీసా అక్కరలేని దేశముల పౌరులకే అది పరిమితము. భారతీయుడు ఆ జాబితాలో లేడు. ఒకే కంప్యూటరుపై ఒకే పని చేయు ఇరువురిలో ఒకడు సంచారి యగుటకు, మరియొకడు గదిలోనే మిగులుటకు వారి పాస్‌పోర్టు రంగు కారణమగుచున్నది. పని సరిహద్దులను దాటినది, పనివాడు దాటలేదు. అందువలన లోకమున ఫ్రీలాన్సర్లు పేద దేశముల నుండియు, సంచారులు ధనిక దేశముల నుండియు అధికముగా కానవచ్చుచున్నారు.

తివాచీ పరచిన ఊరికి సైతము చిక్కులు తప్పలేదు. మెక్సికో నగర ప్రభుత్వము 2022 అక్టోబరులో, నేడు దేశాధ్యక్షురాలైన క్లాడియా షేన్‌బామ్ నగరాధిపతిగా నుండగా, ఎయిర్‌బీఎన్‌బీ సంస్థతోను యునెస్కోతోను ఒడంబడిక చేసికొని సంచారులను ఆహ్వానించెను. డాలర్లలో సంపాదించువారు రోమా, కొండేసా పేటలలో పెసోలలో అద్దె చెల్లించుట మొదలిడిరి. 2025 జూలైలో అవే పేటలలో జనులు పెరిగిన అద్దెలకు వ్యతిరేకముగా వీధులకెక్కిరి. అద్దెల పెరుగుదలకు సంచారులే ఏకైక కారణమనుట న్యాయము కాదు. ఇండ్ల కొరత, పర్యాటకము, పెట్టుబడిదారుల కొనుగోళ్లు అంతకు ముందునుండియు కలవు. అయినను రెండు ద్రవ్యముల బలముతో ఇరువురు ఒకే ఇంటికి బేరమాడినచో బలహీన ద్రవ్యము గలవాడు ఊరిచివరకు జరుగక తప్పదు.

గాయము ఎవరిది?

ఇంతవరకు చెప్పినది స్వేచ్ఛ కథ. రెండవ ముఖము తెలుగువారికి అపరిచితము కాదు. హైదరాబాదులో శిక్షణ పొంది, గత శతాబ్ది చివర విదేశములకు పోయిన కంప్యూటరు పనివారిని గూర్చి షియాంగ్ బియావో అను పండితుడు పరిశోధించి 2007లో ఒక గ్రంథము ప్రకటించెను. హైదరాబాదు, సిడ్నీ నగరములు ఆయన పరిశోధనాక్షేత్రములు. దళారులు యువకులను తాత్కాలిక వీసాపై రప్పించి, సంస్థలకు గంటల లెక్కన అద్దెకిచ్చి, కూలిలో వంతు పుచ్చుకొనెడివారు. ఒక పని ముగిసి మరియొకటి దొరకువరకు గడచు కాలమునకు ‘బెంచి’ అని పేరు. బెంచిపై నున్నవానికి జీతము స్వల్పము, లేదా శూన్యము. ఖాళీ దినముల నష్టమును యజమాని నుండి పనివానికి బదలాయించు ఉపాయము ఆనాడు కొందరి అనుభవము. నేడు లోకమంతట విస్తరించిన పద్ధతి.

ఇంకను వెనుకకు పోయినచో, శ్రీనాథ మహాకవి జీవితము స్మరణకు వచ్చును. కొండవీటి రెడ్డిరాజుల కొలువున విద్యాధికారియై, విజయనగరమున కనకాభిషేకము పొంది, రాజమహేంద్రవరమున ఆదరము గాంచిన ఆ కవిసార్వభౌముడు ఆస్థానములు అంతరించిన పిమ్మట కృష్ణాతీరమున పొలము గుత్తకు తీసికొనెననియు, వరదలో పంట కొట్టుకొనిపోగా శిస్తు కట్టలేక బాధలు పడెననియు చాటుపద్యములు చెప్పును. ఆ కథలో చారిత్రకాంశ ఎంతయైనను తెలుగుజాతి దానిని ఆరు శతాబ్దులుగా మరువలేదు. ప్రతిభకు కొదువ లేదు; కొదువ పడినది వార్ధక్యమునకు ఆధారము.

ఇరువదవ శతాబ్దిలో కార్మికులు పోరాడి సాధించిన భవిష్యనిధి, బీమా, ప్రసూతి సెలవు, పరిహారము మొదలగునవన్నియు యజమాని అను స్తంభమునకు కట్టిన పందిరి. స్తంభమును తీసివేసినచో పందిరి నిలువదు. ఫ్రీలాన్సరు జ్వరపడిన దినము ఆదాయము లేని దినము. ఖాతాదారు సొమ్ము ఎగవేసినచో వ్యాజ్యము వేయుటకు ఏ దేశపు న్యాయస్థానమునకు పోవలెను? రావలసినది 200 డాలర్లైనచో న్యాయవాది రుసుము అంతకు మించును. 2022 చివర చాట్‌జీపీటీ వంటి కృత్రిమ మేధాయంత్రములు వచ్చిన పిదప ఇంకొక ప్రమాదము తోడైనది. వ్రాతపనులు, అనువాదములు చేయువారికి ఈ వేదికలపై పనులు తగ్గినవని పరిశోధనలు తెలుపుచున్నవి. కార్యాలయోద్యోగిని తొలగించుటకు నోటీసు ఇయ్యవలెను. ఫ్రీలాన్సరునకు నోటీసు రాదు, ఉత్తరములు రావడమే ఆగిపోవును.

కట్టు కట్టు చేతులు

ఈ గాయమునకు మందు లేకపోలేదు. న్యూయార్కు నగరమున 2017 మే నుండి అమలులో నున్న చట్టము ప్రకారము 800 డాలర్లు, అంతకు మించిన పనికి వ్రాతపూర్వకమైన ఒడంబడిక ఉండవలెను. అందులో గడువు వ్రాయనిచో పని ముగిసిన 30 దినములలో సొమ్ము చెల్లింపవలెను. జపాను 2024 నవంబరు నుండి ఇట్టి శాసనమునే అమలుపరచుచున్నది. అచట గడువు 60 దినములు. ఇవి కూలి ఎగవేతకు విరుగుడులు.

వార్ధక్యమునకు, వ్యాధికి విరుగుడు జర్మనీలో 1983 నుండి ఉన్నది. స్వతంత్రముగా జీవించు రచయితలు, కళాకారులు ఆ దేశపు వ్యవస్థలో తమ ఆరోగ్యబీమాకు, పింఛనునకు చందాలో సగము తాము కట్టుదురు. తక్కిన సగములో కొంత వారి రచనలను, కళను వాడుకొను ప్రచురణకర్తలు మొదలగు సంస్థలనుండి రుసుముగా వచ్చును. మిగిలినది ప్రభుత్వము భరించును. రచయిత ఏ ఒక్క ప్రచురణకర్తకును ఉద్యోగి కానక్కరలేదు. స్తంభము ఒకటి లేకున్నను పలు స్తంభములపై పందిరి నిలుచునని ఈ నాలుగు దశాబ్దుల అనుభవము చాటుచున్నది.

భారతదేశమున నీతి ఆయోగ్ 2022లో వేసిన అంచనా ప్రకారము, ఇంటింటికి సరకులు చేర్చువారితో సహా ‘గిగ్’ పనివారు 2020–21లో 77 లక్షలు. 2029–30 నాటికి 2 కోట్ల 35 లక్షలు కాగలరు. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి వారిని మొదటిసారి చట్టమున పేర్కొనెను; అది 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. వేదికలు తమ వార్షిక వ్యాపారములో నూటికి ఒకటి నుండి రెండు వంతుల వరకు సంక్షేమనిధికి చెల్లింపవలెనని అందులో నియమము కలదు. ఇది గొప్ప ముందడుగు. కాని వేదిక మధ్యవర్తిత్వము లేక, విదేశీ ఖాతాదారుతో నేరుగా వ్యవహరించు చిత్రకారిణికి, అనువాదకునకు ఆ వంతు కట్టువారెవరు? ఈ ప్రశ్నకు సమాధానము ఇంకను వ్రాయబడవలసి యున్నది.

అట్లని యువజనులను ఈ వృత్తికి పోవలదనుట తగదు. పల్లెను విడువలేని కుమార్తెకు, బిడ్డల తల్లికి, కార్యాలయపు మెట్లెక్కలేని వికలాంగునకు ఇది తెరచిన తలుపే. అయితే తలుపు దాటువారికి కొన్ని పాఠములు బడిలోనే అబ్బవలెను. ఒడంబడికను చదివి, సందేహము అడిగి, పిమ్మట అంగీకరించుట; చేసిన పనికి పట్టీ వ్రాసి గడువు పెట్టుట; వచ్చిన ప్రతి నూరు రూపాయలలో పన్నునకు, వ్యాధికి, పని లేని నెలలకు వేరువేరుగా తీసి ఉంచుట; ఆరోగ్యబీమాను, పింఛను పథకమును తొలి సంపాదనతోడనే ప్రారంభించుట; విదేశమున వసించువాడు ఎన్ని దినములు ఎచట నున్నదియు లెక్క వ్రాసికొనుట. ఏలయన మన ఆదాయపు పన్ను నియమములలో సామాన్యముగా ఒక ఆర్థిక సంవత్సరమున 182 దినములు దేశమున నున్నవాడు నివాసిగా పరిగణింపబడును. వడ్డీలెక్కలు చెప్పు గణితోపాధ్యాయుడు, లేఖారచన నేర్పు భాషోపాధ్యాయుడు, పౌరశాస్త్రము బోధించు ఉపాధ్యాయిని ఈ పాఠములను తమ తమ తరగతులలోనే చెప్పగలరు.

ఉపాధ్యాయులకు జీతపుపట్టీ అనగా ఏమో ఎరుకయే. అందులో చేతికి వచ్చు మొత్తము కంటె పైన కోతల వరుసలో ఒక్కొక్క పంక్తి వెనుక ఒక్కొక్క తరము పోరాటము దాగియున్నది. నేడు పదవ తరగతిలో కూర్చున్న పిల్లలలో కొందరికి అట్టి పట్టీ జన్మలో అందకపోవచ్చును. వారు తమ పట్టీలను తామే వ్రాసికొందురు. అందులో ఆ పంక్తులను చేర్చుటకు వారికి అవకాశము కల్పించుట చట్టసభల పని; చేర్చవలెనను ఎరుకను కలిగించుట బడి పని.